పాత వీడియో గేమ్ మ్యాగజైన్లు: బెజవాడ ఉక్కపోతలో కాపాడి, స్కాన్ చేసి, సరిగ్గా చదువుకోవడం ఎలా

ఇరవై, పాతికేళ్ల కిందటి గేమింగ్ మ్యాగజైన్ల కట్ట ఒకటి చేతికొచ్చిందనుకోండి. చాలామంది దాన్ని ఇంట్లోకి తెచ్చి దులుపుతారు, డాబా మీద ఎండలో పరుస్తారు, ఆనక బీరువాలో పేర్చి నాలుగు కలరా ఉండలు పడేస్తారు. ఈ నాలుగు పనులూ ఏదో ఒక రకంగా దానికి చేటే. ఎందుకో, వాటి బదులు ఏం చేయాలో కింద వరసగా ఉంది.

ఇంత శ్రమ దేనికంటే, 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్‌ని ఇవాళ ఫోన్‌లో కూడా ఆడుకోవచ్చు. అప్పట్లో క్యాసెట్ ఎంతకు అమ్మేవాళ్లో, కుర్రాళ్లు ఎడిటర్‌కి ఏమని ఉత్తరాలు రాసేవాళ్లో, విడుదల కాకుండానే ఆగిపోయిన ఆట తెర మీద ఎలా కనిపించేదో మాత్రం ఆ పేజీల్లోనే ఉంది. అందుకని రివ్యూకి ఎంత విలువ ఇస్తామో ప్రకటనకూ, మధ్యలోంచి జారిపడే చందా కార్డుకూ అంతే ఇవ్వాలి. ఏదీ చించి పారేయకూడదు.

1. కొనేటప్పుడు

విజయవాడలో అయితే లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపులు, జనవరిలో జరిగే పుస్తక మహోత్సవంలో సెకండ్ హ్యాండ్ స్టాళ్లు, ఆ తర్వాత పేటల్లోని పాత పేపర్ల కొట్లు. గుంటూరులో బ్రాడీపేట, అరండల్‌పేట వైపు పాత పేపర్ల కొట్లను అడిగి పెట్టుకోవాలి. చదువులు ముగిసి ఇళ్లు ఖాళీ చేసే ఏప్రిల్, జూన్ నెలల మధ్య తూకానికి వచ్చే కట్టల్లోనే మంచివి దొరుకుతాయి. కొట్టువాడికి పేర్లు చెబితే ప్రయోజనం లేదు. ‘కంప్యూటర్ పుస్తకాలు, లోపల సీడీ ఉండేవి’ అని చెప్పండి, వెంటనే అర్థమవుతుంది.

మన దగ్గర ఎక్కువగా బయటపడేది డిజిట్ అనే కంప్యూటర్ మ్యాగజైన్, దాంతో పాటు వచ్చిన స్కోర్ అనే గేమింగ్ పుస్తకం. 2001కి ముందు డిజిట్ పేరు చిప్, అందుకని ఆ పేరుతో ఉన్న సంచికల్నీ వదలొద్దు. తెలుగులో కంప్యూటర్ ఎరా పాత సంచికలూ తగులుతుంటాయి. విదేశీవాటిలో పీసీ గేమర్ లాంటివి అప్పుడప్పుడు కనిపిస్తాయి. నింటెండో పవర్ 1988 నాటి తొలి సంచిక ఇక్కడి ఫుట్‌పాత్ మీద దొరుకుతుందని ఎదురుచూడడం వృథా. మన ఇళ్లలో తొంభైల్లో ఆడిన మీడియా, లిటిల్ మాస్టర్ లాంటివన్నీ నింటెండో ఫ్యామికామ్ అనే టీవీ గేమ్ పెట్టెకి నకళ్లు. వాటికంటూ మ్యాగజైన్ లేదు కాబట్టి ఆ డబ్బా, క్యాసెట్ మీది స్టిక్కర్, లోపలి మడత కాగితం దొరికితే మ్యాగజైన్‌తో సమానంగా దాచండి.

చేతిలోకి తీసుకోగానే ముందు వాసన చూడండి. ముక్కిపోయిన వాసన వస్తే లోపల బూజు బతికే ఉంది. తర్వాత సెంటర్ పిన్ చూడండి. పిన్ చుట్టూ తుప్పు మరక ఉంటే పర్లేదు, కాగితం పొడిపొడిగా రాలితే మాత్రం మధ్య పేజీలు ఊడి వస్తాయి. ఆ తర్వాత పేజీలు లెక్కపెట్టాలి. పిన్ బైండింగ్ పుస్తకంలో పేజీల సంఖ్య ఎప్పుడూ నాలుగుతో భాగించబడుతుంది, ఒక్కో షీటులో నాలుగు పేజీలు ఉంటాయి. 84 పేజీల సంచికలో 3–4 పేజీలు, 81–82 పేజీలు ఒకే కాగితం. చీట్ కోడ్‌ల కోసం ఎవరో 3వ పేజీ చింపుకుపోయి ఉంటే 81వ పేజీ పట్టు లేకుండా జారుతుంటుంది. కొన్ని ప్రెస్సులు కవర్‌ని ఈ లెక్కలో కలపవు, కాబట్టి మధ్య పేజీ తెరిచి ఎదురెదురు నంబర్లు కూడండి. మొత్తం పేజీల కంటే ఒకటి ఎక్కువ రావాలి.

నిగనిగలాడే ఆర్ట్ పేపర్ పేజీలు ఒకదానికొకటి అంటుకుని ఇటుకలా ఉంటే మాట్లాడకుండా కింద పెట్టేయండి. ఆ కాగితం మీద సన్నటి తెల్ల సుద్ద మట్టి పూత ఉంటుంది. ఒకసారి తడిసి, అంటుకునే ఆరితే ఆ పూత రెండు పేజీల్నీ జిగురులా పట్టేస్తుంది. విడదీస్తే బొమ్మ ఒక పేజీ నుంచి ఇంకో పేజీ మీదికి ఊడి వస్తుంది.

2. ఇంట్లో కలిపే ముందు వేరుగా ఉంచడం

కొత్తగా వచ్చిన కట్టని పాతవాటి పక్కన పెట్టకూడదు. జిప్ కవర్ లోపల అడుగున తెల్ల కాగితం ఒకటి పరిచి, దాని మీద కట్ట పెట్టి, గాలి తీసి రెండు వారాలు వేరే గదిలో ఉంచండి. తెల్ల కాగితం మీద సన్నటి పొడి రాలితే పురుగు ఉన్నట్టే.

గుంటూరు వాళ్లు ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోవాలి. ఎండు మిర్చికీ, పొగాకుకీ పట్టే చిన్న గోధుమ రంగు పెంకు పురుగు పుస్తకాలనీ తొలుస్తుంది. కాగితంలో ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్ల గుండ్రటి బెజ్జాలు వరసగా పేజీల గుండా పోతే అది దాని పనే. కాబట్టి ఏడాది సరిపడా మిర్చి మూట ఉన్న గదిలో మ్యాగజైన్లు పెట్టడమంటే పిలిచి విస్తరి వేసినట్టే.

పురుగు ఉందని తేలితే మందు చల్లకండి, ఫ్రీజర్‌లో పెట్టండి. ముందు సీడీలు బయటికి తీసి, మ్యాగజైన్‌ని రెండు పొరల కవర్లో గాలి లేకుండా మూసి, మైనస్ 18 డిగ్రీల దగ్గర రెండు వారాలు ఉంచాలి. సింగిల్ డోర్ ఫ్రిజ్‌లోని ఐస్ గది చాలదు, తలుపు తీసినప్పుడల్లా చల్లదనం పడిపోతుంది. డబుల్ డోర్ ఫ్రిజ్ గానీ డీప్ ఫ్రీజర్ గానీ కావాలి. బయటికి తీశాక 24 గంటలు కవర్ విప్పకూడదు. వెంటనే విప్పితే మన గాలిలోని చెమ్మ చల్లటి కాగితం మీద నీళ్లలా పేరుకుంటుంది. చాలామంది చేసిన కష్టమంతా పోయేది ఇక్కడే.

3. శుభ్రం చేయడం

దులపడం ఇంటి బయట, నీడలో. మాస్క్ పెట్టుకుని, మెత్తటి పెయింట్ బ్రష్‌తో వెన్ను నుంచి అంచు వైపు తోయండి. బూజు ఉంటే ముందు ఫ్యాన్ గాలికి పూర్తిగా ఆరనిచ్చి తర్వాతే బ్రష్ వేయాలి. తడి గుడ్డతో తుడిస్తే కాగితం లోపలికి ఇంకుతుంది. ఎండలో మాత్రం పెట్టొద్దు. అచ్చు రంగుల్లో గులాబి, పసుపు ముందు వెలుస్తాయి, నీలం మొండిది. పాన్ షాపు గోడ మీద పాత సినిమా పోస్టర్ నీలంగా మారడం చూసే ఉంటారు, అట్టకీ అదే గతి.

తుప్పు పట్టిన పిన్ తీయాలంటే పిన్ రిమూవర్ వాడకండి, అది కాగితాన్ని కొరికేస్తుంది. మధ్య పేజీ తెరిచి, పాత ఏటీఎం కార్డు మూల పిన్ కింద దూర్చి కాళ్లు రెండూ నిటారుగా లేపండి. తర్వాత వెనక నుంచి పిన్ లాగేయండి. అవే బెజ్జాల్లోంచి తెల్ల నూలు దారం పోసి లోపలివైపు ముడి వేస్తే మళ్లీ తుప్పు బాధ ఉండదు.

చినిగిన చోట సెలోఫేన్ టేపు వద్దే వద్దు. నాలుగైదు వేసవుల్లో అది గోధుమ రంగుకి తిరిగి, జిగురు కాగితంలోకి దిగి, టేపు ఊడిపోయి మరక మిగులుతుంది. మైదా జిగురూ వద్దు, తడికి ఆర్ట్ పేపర్ పూత ఉబ్బుతుంది, పైగా బొద్దింకలకి విందు. చిరుగు చిన్నదైతే అలాగే వదిలేయడమే మంచి వైద్యం.

4. దాచడం

అసలు శత్రువులు చెమ్మ, వేడి. బెజవాడ మే నెలలో శ్లాబు కింది అటక పొయ్యి మీద పెనం లాంటిది. న్యూస్‌ప్రింట్ అక్కడ రెండు మూడేళ్లలో పసుపెక్కి పెళుసవుతుంది, గమ్ బైండింగ్ వెన్ను తెరవగానే ఫట్‌మని విరుగుతుంది. ఆగస్టు నుంచి నవంబర్ దాకా గాలిలో తేమ బూజుకి పండగ. కోస్తా చెమ్మలో కాగితం నిలవదనే మాట మాత్రం నిజం కాదు. 1918లో మొదలైన వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయంలో వందేళ్లు దాటిన పత్రికలు ఇప్పటికీ ఉన్నాయి. అదీ సముద్రం పక్కనే ఉన్న ఊరు.

ముందు ఒక డిజిటల్ తేమ మీటర్ కొనండి. 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే మేలు. 65 దాటి రోజుల తరబడి ఉంటే బూజు మొదలవుతుంది. ఇనప బీరువా మంచిదే గానీ దాన్ని బయటి గోడకి ఆనించకూడదు, నాలుగు అంగుళాలు ఎడం ఉండాలి. వానాకాలం గోడ చెమర్చితే ఆ తేమంతా బీరువా వెనక రేకు మీదే చేరుతుంది.

తలుపు సందులున్న బీరువాలో సిలికా జెల్ పెడితే నాలుగు రోజుల్లో తేమ తాగి ఊరుకుంటుంది. అది పని చేయాలంటే రబ్బరు అంచు మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలు కావాలి. ఇరవై లీటర్ల డబ్బాకి వంద గ్రాములు గుడ్డ సంచిలో కట్టి వేయండి. నీలం రంగుది కాకుండా నారింజ రంగుది కొనండి, నీలం గింజల్లో వాడే కోబాల్ట్ ఆరోగ్యానికి మంచిది కాదు. రంగు మారగానే ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర రెండు గంటలు వేడి చేస్తే మళ్లీ వాడుకోవచ్చు.

కలరా ఉండల సంగతి. వాటి ఆవిరి కొన్ని రకాల ప్లాస్టిక్‌ని మెత్తబరుస్తుంది, సీడీ డబ్బాలు జిడ్డు కడతాయి, పీల్చే మనకీ మంచిది కాదు. ఆ వాసన కాగితాన్ని ఏళ్ల తరబడి వదలదు.

విడి కవర్లకి పీవీసీ వద్దు. కొన్నాళ్లకి అది అట్ట మీది సిరాని తనకి అంటించుకుంటుంది. చొక్కాలు ప్యాక్ చేసే బీఓపీపీ కవర్లు సరిగ్గా సరిపోతాయి. బట్టల వ్యాపారం సాగే వన్‌టౌన్‌లో ప్యాకింగ్ సామాను షాపుల్లో 10×13 అంగుళాల సైజు అడగండి, ఏ4 మ్యాగజైన్ హాయిగా పడుతుంది. ఆ కవర్ మూతకి జిగురు పట్టీ ఉంటుంది. దాన్ని కత్తిరించి పారేసి మూతని ఊరికే మడవండి. లేకపోతే మ్యాగజైన్ బయటికి తీసేటప్పుడు జిగురుకి అట్ట తగిలి, అట్ట మీది పొర చారలా లేచిపోతుంది.

వెనక ఆనుగా పెట్టే మామూలు బూడిద రంగు అట్టలో ఆమ్లం ఉంటుంది, అది తాకిన పేజీ పసుపెక్కుతుంది. దానికంటే సన్‌ప్యాక్ షీటు మేలు. ఎన్నికలప్పుడు కరెంటు స్తంభాలకి వేలాడే బోర్డులు దానితోనే చేస్తారు. అది పాలీప్రొపిలీన్, కాగితాన్ని ఏమీ చేయదు, బోర్డులు రాసే షాపులో పెద్ద షీటు కొని 22×30 సెంటీమీటర్ల ముక్కలు కోయించుకోవచ్చు. మందం మూడు మిల్లీమీటర్లు కాబట్టి ప్రతి పుస్తకానికీ పెడితే అర నిండిపోతుంది, ఐదింటికి ఒకటి చాలు. పిన్ బైండింగువి పడుకోబెట్టండి, పది పదిహేను మించి పేర్చొద్దు. వెన్ను వైపులు అటొకటి ఇటొకటి మార్చి పెడితే దొంతర ఒరగదు.

కింది అర ఖాళీగా ఉంచండి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ వైపు ఇళ్లలోకి వచ్చిన నీళ్లు చూసినవాళ్లకి ఈ మాట చెప్పనక్కర్లేదు. ఒకవేళ తడిస్తే వ్యవధి రెండు రోజులే. పేజీలు విడదీయగలిగితే ప్రతి పేజీ మధ్యా అచ్చు లేని తెల్ల కాగితం గానీ టిష్యూ గానీ పెట్టి, గంటకోసారి మారుస్తూ ఫ్యాన్ కింద ఆరబెట్టండి. కట్ట పెద్దదైతే అన్నీ ఒకేసారి చేయలేరు. మిగతావాటిని తడి మీదే కవర్లో పెట్టి ఫ్రీజర్‌లో వేసేయండి, గడ్డకట్టి ఉన్నంతకాలం పేజీలు అంటుకోవు. తర్వాత తీరిగ్గా ఒక్కొక్కటే తీసి ఆరబెట్టుకోవచ్చు.

5. డిస్కులు

ముందు మ్యాగజైన్ నుంచి వేరు చేసి గట్టి డబ్బాలో పెట్టి, సంచిక నెల, సంవత్సరం డబ్బా మీద రాయండి, డిస్కు మీద కాదు. సీడీలో సమాచారం ఉన్న పొర లేబుల్ వైపు సన్నటి లక్క పూత కిందే ఉంటుంది, బాల్ పెన్ను నొక్కుడికి గీత పడితే ఆ డేటా పోయినట్టే. తుడవాలంటే మధ్య నుంచి బయటికి తిన్నగా తుడవండి, గుండ్రంగా తిప్పితే గీత డేటా వరస వెంటే పోయి ఎక్కువ నష్టం చేస్తుంది.

ఫైళ్లు కాపీ కొట్టి ఊరుకోకుండా మొత్తం డిస్కుని ఇమేజ్‌గా, అంటే ఉన్నదున్నట్టు నకలుగా తీయండి. మామూలు డేటా అయితే ఐఎస్ఓ చాలు. ఆటలో పాటల ట్రాకులు కూడా ఉన్న సీడీ అయితే బిన్, క్యూ జతగానే తీయాలి, ఐఎస్ఓలో సంగీతం రాదు. గీతలున్న డిస్కుకి డీడీరెస్క్యూ అనే ప్రోగ్రామ్ వాడండి. చదవగలిగినంత ముందు చదివి, మొండి చోట్లకి తర్వాత తిరిగి వస్తుంది. ఒక డ్రైవ్‌లో చదవని డిస్కు ఇంకో డ్రైవ్‌లో చదవడం మామూలే, అందుకని పాత డీవీడీ రైటర్లు రెండు మూడు దగ్గర ఉంచుకోండి. పూర్తయ్యాక చెక్‌సమ్ (ఫైలు తర్వాత పాడైతే పట్టిచ్చే అంకెల వరస) తీసి పక్కన రాసుకోండి.

6. స్కాన్

మొదలుపెట్టే ముందు ఆ సంచిక ఎక్కడైనా ఇప్పటికే ఉందేమో చూడండి. వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2025 జనవరిలో తన డిజిటల్ లైబ్రరీని అందరికీ తెరిచింది, అందులో పదిహేను వందలకు పైగా పాత మ్యాగజైన్లు ఉన్నాయి. ఇంగ్లండ్, అమెరికా సంచికల మీద పదే పదే చెమటోడ్చడం కంటే మన దేశపువాటి మీద పెట్టిన గంట విలువైనది.

స్కానర్ కొనేటప్పుడు అది సీసీడీ రకమా, సీఐఎస్ రకమా అడగండి. సన్నగా, తేలిగ్గా ఉండేవి సీఐఎస్. గాజుకి ఆనని భాగం వాటిలో మసకబారుతుంది, కాబట్టి గమ్ బైండింగ్ పుస్తకం వెన్ను దగ్గరి అక్షరాలు పోతాయి. పిన్ తీసి పేజీలు విడిగా పెట్టగలిగితే ఏదైనా ఒకటే.

600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు), 24 బిట్ కలర్. స్కానర్‌లో ఉండే ఆటో కలర్, షార్పెన్ లాంటివన్నీ ఆపేయండి. ఈ లెక్కన ఒక ఏ4 పేజీ కుదించకముందు సుమారు 104 ఎంబీ. నూరు పేజీలంటే పది జీబీ పైనే, కాబట్టి పీఎన్‌జీలో దాచండి, నాణ్యత తగ్గకుండా సైజు తగ్గుతుంది. 300తో తీస్తే పేజీ 26 ఎంబీయే గానీ బొమ్మల మీద అలల్లాంటి చారలు వస్తాయి. కారణం ఇది: రంగుల బొమ్మ అచ్చులో నిజానికి నాలుగు రంగుల చుక్కల వల, మంచి కాగితం మీద అంగుళానికి 133 నుంచి 150 వరసలు. స్కానర్ దగ్గర ఉన్నదీ ఒక వలే. రెండు దోమతెరలు ఒకదాని మీద ఒకటి వేస్తే కనిపించే అలలే ఇక్కడా కనిపిస్తాయి. 600తో తీస్తే చుక్క చుక్కగా దొరుకుతుంది. ఆ తర్వాత కంప్యూటర్‌లో కొద్దిగా బ్లర్ చేసి 300కి తగ్గిస్తే అలలు మాయమవుతాయి. ఆ వరస తిప్పితే, అంటే తగ్గించాక బ్లర్ చేస్తే, చారలు పోవు, అక్షరాలు పోతాయి.

పేజీ వెనక నల్ల డ్రాయింగ్ షీటు పెట్టండి. స్కానర్ మూత తెల్లగా ఉంటే పల్చటి కాగితంలో అవతలి పేజీ అచ్చు నీడలా కనిపిస్తుంది. నల్లది పెడితే ఆ నీడ దాదాపు పోతుంది, పేజీ కాస్త ముదురుగా వస్తుంది, దాన్ని తర్వాత సరిచేసుకోవచ్చు.

వంకర సరిచేయడానికి స్కాన్ టైలర్, బొమ్మలోని అక్షరాల్ని గుర్తుపట్టి వెతుక్కునేలా చేయడానికి, అంటే ఓసీఆర్‌కి, టెస్సరాక్ట్ అనే ప్రోగ్రామ్‌లు వాడండి. ఆ తర్వాత బొమ్మలన్నీ సీబీజెడ్‌గా కడితే చాలు, అది పేరు మార్చిన జిప్ ఫైలే. ఫైలు పేర్లలో పేజీ నంబర్ 001, 002 అని మూడంకెల్లో ఉండాలి, లేకపోతే 10వ పేజీ 2 కంటే ముందొస్తుంది. అట్ట, పోస్టర్, చందా కార్డు, డిస్కు కవర్ కూడా స్కాన్‌లో ఉండాలి. ఎనభైల సంచికల్లో బేసిక్ ప్రోగ్రామ్ లిస్టింగులు (చూసి టైపు చేసి ఆడుకునే ఆటల కోడ్) వస్తే ఓసీఆర్‌ని నమ్మకండి. సున్నాకి ఓ అక్షరం పడితే ఆ ఆట నడవదు, చూసి సరిదిద్దాల్సిందే.

ఇక చట్టం. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రాసినవారి మరణానంతరం 60 ఏళ్లు హక్కు ఉంటుంది, అంటే ఈ మ్యాగజైన్లేవీ ఇంకా స్వేచ్ఛగా పంచుకునే దశకి రాలేదు. సొంత చదువుకి, పరిశోధనకి తీసుకున్న స్కాన్ వేరు, దాన్ని పెన్‌డ్రైవ్‌లో పెట్టి అమ్మడం వేరు.

7. చదవడం

అట్ట మీది నెలని నమ్మొద్దు. అమెరికా మ్యాగజైన్లలో డిసెంబర్ అని ఉంటే అది అంతకు ముందే షాపుల్లోకి వచ్చింది, లోపలి రాత సెప్టెంబర్, అక్టోబర్ నాటిది. రివ్యూ చేసింది చాలాసార్లు పూర్తికాని ఆటనే. అందుకే బొమ్మలో ఉన్న స్థాయి, స్కోరు పట్టీ మీరు ఆడిన ఆటలో కనిపించకపోవచ్చు. అచ్చు తప్పు అనుకోకుండా ఆ పేజీకి గుర్తు పెట్టుకోండి, అలాంటివే అరుదైనవి.

స్క్రీన్‌షాట్ల అంచులు వంగి ఉండడానికి కారణం అవి కెమెరాతో టీవీని తీసిన ఫొటోలు కావడం. గది చీకటి చేసి, షట్టర్ సెకనులో పదిహేనో వంతు, ఎనిమిదో వంతు దాకా నెమ్మదిగా పెట్టేవాళ్లు. వేగంగా పెడితే పిక్చర్ ట్యూబ్ సగమే గీసి ఉంటుంది, ఫొటోలో నల్ల పట్టీ పడుతుంది. కదిలే బొమ్మ కాస్త మసకగా ఉందంటే అది ఈ నెమ్మది షట్టర్ పనే, ఆట తప్పు కాదు.

బ్రిటిష్ రివ్యూలో ‘ఆట నెమ్మదిగా ఉంది, పైనా కిందా నల్ల పట్టీలు’ అని రాస్తే పాల్ (PAL) టీవీ, అంటే అక్కడి టీవీ పద్ధతి గుర్తు తెచ్చుకోండి. జపాన్, అమెరికా టీవీ సెకనుకి 60 సార్లు, పాల్ 50 సార్లు. సర్దుబాటు చేయని ఆట పాల్‌లో ఆరో వంతు నెమ్మదిస్తుంది. అదే ఆటకి అమెరికా మ్యాగజైన్ ఎక్కువ మార్కులు వేసిందంటే ఇద్దరూ నిజమే చెప్పి ఉండొచ్చు.

మార్కుల్ని ఒక కొలతలోకి మార్చే ప్రయత్నం వద్దు. జపాన్ పత్రిక ఫామిట్సులో నలుగురు తలా పదికి వేసి మొత్తం నలభైకి ఇస్తారు, 1998లో జెల్డా ఒకరీనా ఆఫ్ టైమ్‌కి తొలిసారి 40 వచ్చింది. క్రాష్ లాంటి బ్రిటిష్ పత్రికలది శాతం లెక్క. నింటెండో పవర్‌ని మొదట్లో నడిపింది నింటెండో ఆఫ్ అమెరికాయే, కాబట్టి దాని మెచ్చుకోలుని ఆ కళ్లతోనే చూడాలి.

ఏప్రిల్ సంచిక దొరికితే ప్రతి చిట్కానీ రెండుసార్లు చూడండి. 1992 ఏప్రిల్ ఎలక్ట్రానిక్ గేమింగ్ మంత్లీ స్ట్రీట్ ఫైటర్ 2లో షెంగ్ లాంగ్ అనే రహస్య యోధుడు ఉన్నాడని రాసింది. ర్యూ అనే పాత్రతో ఒక్క దెబ్బ కూడా తినకుండా చివరి శత్రువు ఎం. బైసన్ దాకా వెళ్లి, అక్కడ కొట్టకుండా, దెబ్బ తినకుండా పది రౌండ్లు సమం చేస్తే వాడు వస్తాడట, రుజువుకి ఫొటోలు కూడా వేసింది. ర్యూ గెలిచాక చెప్పే ఒక మాటని ఇంగ్లీషులోకి తప్పుగా అనువదించడం వల్ల పుట్టిన పేరు అది. షోర్యూకెన్ అనే దెబ్బ పేరు మనిషి పేరుగా మారింది. తర్వాత వేరే పత్రికలు దాన్ని నిజమనుకుని అచ్చేశాయి. మీ జాబితాలో ఆ సంచిక ఉంటే పక్కన ‘ఏప్రిల్ పరాచికం’ అని రాసి పెట్టండి, అదే బొమ్మ వేరే పత్రికలో కనిపించినప్పుడు ఎక్కడి నుంచి ఎత్తారో ఇట్టే తెలిసిపోతుంది.